పళ్లెం మీద చెయ్యి

పాపకు కొంచెం కొంచెంగా పాలు పట్టే ప్రతిసారీ మా పెద్దబాపు గుర్తొస్తాడు. కడుపు ఆపరేషన్ అయ్యాక ఆయన నాలుగు బుక్కలకే పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. అందుకని లింగాల ఘనపూర్‌లో పెద్దమ్మ పొద్దంతా పొయ్యి వెలిగించి, ఎప్పటికప్పుడు వేడి జొన్న గట్క వండేది. ఆ పొగ చూసి, తప్పించుకు తిరిగే సంఘపోళ్లకు వండుతున్నారన్న అనుమానంతో పోలీసులు వచ్చారు.

"గిన్నిసార్లు ఎవలికి?"

"నాకే సారూ, కడుపు కోసిండ్రు."

"అయితే మా ముంగట తిను."

నాలుగు బుక్కలకు చెయ్యి అడ్డమొచ్చింది.

"మరి మిగిలింది ఎవలికి?"

ఆయన చెయ్యి తీసేసి కుండంతా తిన్నాడు. వాళ్లు పోగానే కక్కుకున్నాడు.

ఆ తర్వాత పొయ్యి పొద్దున ఒక్కసారే వెలిగేది. చల్లారిన గట్క ముందు కూర్చుని విసుక్కునేవాడు.

"కొంచమే తినుమని డాక్టరు, అంత తినుమని పోలీసు. గీ కడుపు నాదా, వాళ్లదా?"