గాలిలో చేరిన నీళ్లు

పెళ్లయి బళ్లారి వచ్చిన కొత్తలో నేను వాన కోసం మొహం వాచిపోయాను. మాది కృష్ణ ఒడ్డు పల్లె. మా ఆయన ఇక్కడి షెడ్డులో లారీలకు స్ప్రే గన్‌తో రంగు కొట్టేవారు.

ఒకరోజు ముసురు పట్టింది. సంబరంగా తడుస్తూ ఆయనకు అన్నం క్యారియర్ తీసుకెళ్లాను. ఆయనేమో అప్పుడే రంగు కొట్టిన లారీ తలుపు ముందు దిగులుగా నిలబడి ఉన్నారు. ఆకుపచ్చ రంగు నిండా పొక్కులు లేచాయి.

“గాలిలో నీళ్లు చేరుండాయి. అంతా గీకి మళ్లా కొట్టాల,” అంటూ స్ప్రే గన్‌కు గాలి పంపే కంప్రెసర్ ట్యాంకు అడుగున కుళాయి తిప్పారు. బుస్సుమని నీళ్లు చిమ్మాయి.

“ఇన్ని నీళ్లు గాలిలోనే ఉన్నాయాండీ?”

“ముసురు కదా. నీకు సంతోసం, నాకు తంటా,” అని నవ్వారు. “యాడికీ పోవద్దు, ఈడే కూచో. గాలి ఆరేదాకా నాకూ పని లేదు.”

పాత టైరు మీద కూర్చుని ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. ఆయన మా ఊరి సంగతులన్నీ అడిగి చెప్పించుకున్నారు. తలుపుకు మర్నాడు ఎండలో మళ్లీ రంగు వేశారు.

తర్వాత పని పెరిగింది, పిల్లలు పుట్టారు. అంత తీరికగా మేం మళ్లీ కూర్చోలేదు. ఇప్పుడాయన లేరు. ఒక్క పూట అలా ఆయన పక్కన కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంటుంది.