తలుపు తియ్యమన్న మా వదిన

మా వదిన డాక్టరు. ఆవిడ లోపల దగ్గు మందు రాసిస్తే, ఎన్ని పూటలు వేసుకోవాలో బయట బల్ల మీద కూర్చున్న వాళ్ళందరికీ తెలిసిపోయేది. అంత గొంతు. ఏళ్ళ తరబడి మేమంతా నవ్వుకున్నాం. డాక్టరమ్మ తిడితేనే సగం జబ్బు పోతుందని పేషెంట్లూ మురిసిపోయేవారు.

ఆ గొంతే కొంప ముంచింది. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పే ఒక అమ్మాయి మనసు కుంగుబాటుకి మందులు వాడుతోంది. చెప్పకుండా మానేసిందని తెలిసి వదినకి ఒళ్ళు మండింది.

"ఎవర్నడిగి మానేశావమ్మా దిగులు మాత్రలు? మళ్ళీ మొదటికొస్తే?"

గదికీ బయటికీ మధ్య ఉన్నది సగం ఎత్తు చెక్క గోడ. అవతల ఆ బడి యజమానురాలు జ్వరంతో కూర్చుని ఉంది. బయటికొచ్చిన మనిషిని చూసింది. వారం తిరక్కుండానే ఆ అమ్మాయి ఉద్యోగం ఊడింది. ఆమె డాక్టర్ల మండలికి ఫిర్యాదు చేసింది. చెయ్యదా మరి!

మండలి విచారణలు తలుపులేసుకునే జరుగుతాయి. తీర్పు కూడా బయటికి పొక్కదు. అది తెలిసి మా అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

"మందలించి పంపేస్తారు. మూడో కంటివాడికి తెలీదు," అన్నాడు.

"ఆ అమ్మాయి సంగతి ఊరంతా పాకాలి, నా సంగతి నాలుగ్గోడల మధ్య ఉండాలా? ఇదెక్కడి న్యాయమండీ?"

"పరువు పోతుంది వదినా. ఆస్పత్రికి తాళం వేసుకోవాల్సిందే," అన్నాను నేను.

"నా దగ్గరికొచ్చే వాళ్ళకి నేనేం చేశానో తెలియాలమ్మా. తెలిసీ వస్తే రానీ, లేకపోతే మానెయ్యనీ."

మండలికి కూడా అదే రాసింది. ఆ అమ్మాయి మాట్లాడేటప్పుడు తలుపులు మూయండి, ఆమె ఒప్పుకుంటే నా తప్పు చెప్పేటప్పుడు తెరవండి అని. ఇలా అడిగిన డాక్టరు ఇంతవరకూ లేరని అధ్యక్షుడు తల పట్టుకున్నాడట. ఆ అమ్మాయి మాత్రం సరేనంది.

ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను. మూసిన తలుపుల వెనక ఏం జరిగిందో వదిన ఇప్పటికీ చెప్పలేదు. అడిగి తిట్లు తిన్నాను. తర్వాత తలుపులు బార్లా తెరిచారు. విలేకరులూ, తోటి డాక్టర్లూ తోసుకుంటూ వచ్చారు. వదిన లేచి నిలబడింది.

"నా పేషెంటు రహస్యాన్ని నా నిర్లక్ష్యంతో బయటపెట్టాను. ఆమె తప్పు ఏమీ లేదు."

ఆరు నెలలు వైద్యం చెయ్యకూడదని తీర్పు చదివారు. అందరి ముందూ తల దించకుండా విన్నది. ఈవిడ మా వదిన అని పక్కవాళ్ళకి చెప్పాలనిపించింది. చెప్పాను కూడా.

వరండాలో విలేకరులు చుట్టుముట్టారు.

"ఎవరండీ ఆ పేషెంటు? ఏం జబ్బు?"

"నా పేరు రాసుకోండి. ఫోటో కావాలంటే తీసుకోండి."

"ఆ వివరాలు లేకపోతే వార్త తేలిపోతుంది మేడమ్."

"తేలిపోనివ్వండి."

వరండా చివర, వేరే పనుల మీద వచ్చిన జనం మధ్య, ఆ అమ్మాయి వాళ్ళమ్మతో బల్ల మీద కూర్చుని ఉంది. ముందే పక్క గుమ్మంలోంచి బయటికొచ్చింది కాబట్టి ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకుని క్షమించమని అడగాలని వదిన ఇంట్లో ఎంత తల్లడిల్లిందో నాకు తెలుసు. కానీ అటు ఒక్క చూపు చూసినా కెమెరాలన్నీ అటే తిరుగుతాయి. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆటో దొరుకుతుందో లేదో అంటూ, ఎవరో తెలియని మనిషి ముందు నుంచి నడిచినట్టే ఆ అమ్మాయి ముందు నుంచి నడిచి మెట్లు దిగింది.