రెండు చుక్కలు అన్నందుకు

మా ఊరి మందుల షాపులో పనిచేసే వీల్మాకు హంగేరియన్ తప్పుల్లేకుండా మాట్లాడాలన్న పట్టుదల ఎక్కువ. మా భాషలో రెండుకు రెండు మాటలున్నాయి. ఊరికే లెక్కపెడితే "కెత్తో", పక్కన వస్తువు పేరు వస్తే "కేత్". ఏడును "హేత్" అంటాం. ఫోన్‌లో కేత్, హేత్ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి అక్కడ అందరం "కెత్తో" అనే అంటాం. వీల్మాకు మాత్రం అది మోటు.

"కెత్తో చుక్కలట! బడి మొహం చూడలేదా?" అని షాపుకొచ్చినవాళ్ళను నలుగురిలో వెక్కిరించేది.

ఒక నవంబరు ఉదయం అంబ్రుష్ ఫోన్ చేశాడు. బావులు తవ్వి ముసలివాడైన మనిషి.

"అమ్మాయ్, గుండె మందు సీసా మీది కాగితం తడిసిపోయింది. ఎన్ని చుక్కలు?"

"కేత్ చుక్కలు, బాబాయ్."

"ఎన్నీ?"

"కేత్! చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అని ఠక్కున ఫోన్ పెట్టేసింది.

అంబ్రుష్ మూడు రోజులు ఏడేసి చుక్కలు వేసుకున్నాడు. నాలుగో రోజు క్యాబేజీ మడిలో పడిపోయాడు. అంబులెన్స్ వచ్చి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయింది.

మర్నాడు అతని కూతురు బోరిష్కా షాపుకొచ్చి వాపోయింది. "రెండంటే ఏడని విన్నాడట. చెవిటి మనిషితో చస్తున్నాననుకో."

వీల్మా మొహం సిగ్గుతో ఎర్రబడింది. వెనక జనం నిలబడి ఉన్నారు. "పెద్దవాళ్ళు కదా" అని మాత్రం అంది. ఆ మాట ఆమెను మూడు రోజులు తిననివ్వలేదు.

ఆదివారం బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. కూతురి ముందే చెప్పింది.

"బాబాయ్, తప్పు నీ చెవులది కాదు, నాది. కెత్తో అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా టెక్కు అననివ్వలేదు. మొన్న బోరిష్కా నిన్ను అంటుంటే కూడా నోరు మూసుకున్నాను."

అంబ్రుష్ దుప్పటి అంచు సవరించుకున్నాడు. "ఇంకోసారి అడుగుదామనే అనుకున్నానమ్మా. తిడతావని ఊరుకున్నా."

అతను కోప్పడి ఉంటే భరించేదేమో. ఈ మాటకు ఆమె తల ఎత్తలేకపోయింది. బోరిష్కా కిటికీ వైపు తిరిగి నిలబడింది, వీల్మా వెళ్ళేదాకా ఇటు తిరగలేదు.

క్రిస్మస్‌కు అంబ్రుష్ ఇంటికొచ్చాడు, మరో నాలుగేళ్ళు బతికాడు. ఆ నాలుగేళ్ళూ బోరిష్కా తండ్రి మందుల కోసం సైకిల్ మీద పక్క ఊరికే వెళ్ళింది. షాపు కిటికీ ముందు నుంచి ఆ సైకిల్ వెళ్తుంటే, వీల్మా చేతిలో పనేమీ లేకపోయినా అరల వైపు తిరిగి నిలబడేది.