పాప గది కిటికీలోంచి వైరు

ఫోన్ చార్జింగ్ పెట్టుకోవచ్చా అన్నంత మామూలుగా అడిగారాయన.

"కారుకు జర ప్లగ్గు ఇస్తవా తమ్మీ? ఇంటిదాక వస్తదో రాదో అన్నట్టుంది."

మావారు నోరు తెరిచేలోపే నేను చెప్పేశాను. "అయ్యో, దానికేముందన్నయ్యా."

ఆయన మావారి టీమ్ లీడ్. ఉండేది జర్మనీలోనే, డ్యూసెల్‌డార్ఫ్‌లో. మావారు ఆ ఉద్యోగంలో చేరింది కరోనా వచ్చాకే కాబట్టి ఏడాదిగా ఇద్దరూ ఒకరినొకరు ల్యాప్‌టాప్ తెరమీదే చూసుకున్నారు. మా ఊరు జార్‌బ్రూకెన్‌లో ఏదో పని పడి, భార్యతో కలిసి మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చారు. పాప పుట్టాక మా గడప దాటి లోపలికి వచ్చిన మొదటి అతిథులు వాళ్ళే. మావారి కాంట్రాక్టు పొడిగిస్తారా లేదా అన్నది ఈ నెలలోనే తేలాలి. ఆయన మాట మీదే తేలుతుందని మా ఇద్దరికీ తెలుసు.

మాది కింది వాటా. వాళ్ళ కరెంటు కారు నిలిపిన వైపు ఉన్నది ఒకే ఒక్క కిటికీ, పాప పడుకునే గదిది. వచ్చినవాళ్ళ గాలి సోకకూడదని ఐదు నెలల పాపను ఆ గదిలోనే పడుకోబెట్టి తలుపు వేశాను. మావారు పాత సామాన్ల సంతలో కొన్న ఎక్స్‌టెన్షన్ వైరు డ్రమ్మును తెచ్చి, ఉయ్యాల పక్కనున్న ప్లగ్గుకే తగిలించారు. నాలుగైదు గజాల వైరు విప్పి కిటికీలోంచి బయటికి పంపారు. మిగతాదంతా డ్రమ్ముకి చుట్టుకునే ఉంది. కిటికీ సందులో ఒక తువ్వాలు కుక్కారు.

"మొత్తం విప్పండి," అన్నాను గొంతు తగ్గించి. "చుట్ట చుట్టి ఉండగా గంటల తరబడి అంత కరెంటు లాగితే లోపల వేడెక్కుతుంది."

నేను బీటెక్ చేసింది ఎలక్ట్రికల్‌లోనే. ఇది ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

"గదినిండా వైరు పరుస్తే పాపను ఎత్తుకుని ఎట్ల నడుస్తవ్? రెండు గంటలే కదా. అన్న వింటే బాగుండదు."

నేనూ ఊరుకున్నాను. దానికేముంది అన్నది నేనే కదా.

భోజనాలయ్యాయి. రెండు గంటలు దాటాయి. ఆయన ఫోన్‌లో చూసుకుని, "ఇంటి ప్లగ్గు గదా, నిమ్మళంగ ఎక్కుతది," అని సోఫాలో వెనక్కి వాలారు. రాతౌస్ దగ్గర, అంటే మున్సిపల్ ఆఫీసు దగ్గర, కార్ల చార్జర్ ఉన్న సంగతి మావారు చెప్పారు. ఆయన నవ్వారు. "ఈ చలిల కార్ల కూసోమంటవా తమ్మీ?"

పాపను చూసే వంకతో గదిలోకి వెళ్ళాను. డ్రమ్ము వెచ్చగా ఉంది. అరగంట తర్వాత మళ్ళీ వెళ్తే దాని మీద చెయ్యి నిలవలేదు. పాపను ఎత్తుకుని హాల్లోకి తెద్దామా అంటే అక్కడ మాస్కుల్లేకుండా నలుగురి మాటలు. కిటికీ తీద్దామా అంటే బయట మంచు. మావారిని వంటింట్లోకి పిలిచాను.

"కాలుతోందండీ. ఆయనకు చెప్పండి."

"ఇంకో అరగంట ఆగు. అన్నం పెట్టి ప్లగ్గు పీకినట్టుంటది."

మూడోసారి తలుపు తీసేసరికి వాసన. ఇస్త్రీపెట్టె కింద చీర అంటుకున్నప్పుడు వచ్చే వాసన. పాప పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది. వంగి ప్లగ్గు లాగేశాను. వేళ్ళు చురుక్కుమన్నాయి.

హాల్లో ఆయన ఫోన్ టింగుమంది.

"చార్జింగ్ ఆగిపోయిందంటుంది తమ్మీ. ఫ్యూజ్ ఎగిరిందేమో చూడు."

మావారు లేచారు. పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"నేనే తీశానన్నయ్యా."

ఆయన భార్య నవ్వబోయింది. "ఏంది చెల్లె, బిల్లుకు భయపడ్డవా?"

"వైరు కాలుతోంది వదినా. పాప పక్కనే ఉంది."

"కొంచెం వేడి అయితనే ఉంటదమ్మా," అన్నారాయన. గొంతులో ఇందాకటి చనువు లేదు. "నాకొక్క మాట చెప్తే నేనే చూస్తుంటి గదా."

మావారు నా వైపు చూడలేదు. అన్నయ్యే లేచి వచ్చారు. గది గుమ్మం దగ్గర ఆగి, జేబులోంచి మాస్కు తీసి పెట్టుకుని, లోపలికి వెళ్ళి డ్రమ్ము మీద చెయ్యి వేశారు. వెంటనే తీసేశారు. తిరిగి హాల్లోకి వచ్చారు. భార్యతో అన్నారు, "లే, పోదాం."

"రాతౌస్ ఎంత దూరం?" అని మావారిని అడిగారు. కాఫీ పెడతానన్నాను. వద్దన్నారు. మిగిలిన పులిహోర డబ్బాలో సర్దిస్తే ఆమె తీసుకుంది, నా మొహం మాత్రం చూడలేదు. అయితే కారెక్కే ముందు వెనక్కి వచ్చి పాప గది కిటికీ అవతల నిలబడింది. "ఇంత దూరం వచ్చినం. పాప మొఖమన్న చూపియ్యి చెల్లె." పాపను అద్దం దగ్గరికి ఎత్తి పట్టుకున్నాను. ఆమె వేలితో అద్దాన్ని తట్టింది. కారులోంచి హారన్ వినిపించింది.

కారు వెళ్ళాక మావారు వైరు లోపలికి లాగి కిటికీ మూశారు. కాంట్రాక్టు సంగతే ఆలోచిస్తున్నారని తెలుసు. నేనూ అదే ఆలోచిస్తున్నాను. పాప నిద్రపోయాక ఇప్పుడిది రాస్తుంటే, ఆ భయం వేళ్ళ మంట కన్నా ఎక్కువగా ఉంది.

"నాకన్న చెప్పి తియ్యాల్సింది," అన్నారు చివరికి.

"చెబితే తీయనిచ్చేవారా?"

ఆయన పాప వైపు చూశారు. నేను జవాబు కోసం ఆగాను. ఆ క్షణంలో అబద్ధం చెబుతారేమోనన్న భయం నాకు అన్నిటికన్నా ఎక్కువగా వేసింది.

"లేదు. తియ్యనియ్యకపోతుంటి," అన్నారు.