నాన్న అడిగిన ఫిఫ్టీ-ఫిఫ్టీ

ఎనభైల మొదట్లో, నేను ఎమ్మెస్సీలో క్వాంటమ్ సిద్ధాంతం చదువుతున్న ఏడాది, నాన్న కడుపులో గడ్డ ఉందన్నారు. తీస్తే ఫిఫ్టీ-ఫిఫ్టీ, తీయకపోతే ఎంతకాలమో చెప్పలేం అన్నాడు డాక్టరు. నాన్న ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టకుండా బారిడీహ్ కాలనీలోని మా కంపెనీ క్వార్టరుకు తిరిగొచ్చేశాడు.

ఆయనది ఉక్కు కర్మాగారంలో టెస్ట్ హౌస్ ఉద్యోగం. కొలిమిలో ఒక విడతలో కరిగిన ఉక్కునంతటినీ హీట్ అంటారు. ప్రతి హీట్ నుంచీ ఒక ముక్క తెచ్చి, మిషన్లో సాగదీసి విరగ్గొడతారు. అది తెగిన తీరు చూసి మిగతా ఉక్కుని పాస్ చేస్తారు.

ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఫిఫ్టీ-ఫిఫ్టీ అంటే ఏటమ్మా? నువ్వు సదువుతున్నది అదే కదా."

నాకు ఇరవై రెండేళ్ళు. తెలియనిదంటూ లేదనుకునే వయసు. ఒకేలా తయారైన ఎలక్ట్రాన్లు లక్ష ఉంటే ఎన్ని ఎటు పోతాయో సిద్ధాంతం చెబుతుందనీ, ఒక్కదాని గతి మాత్రం చెప్పదనీ ఆ వారమే చదివాను. సంభావ్యత గుంపుకే గానీ ఒంటరిదానికి లేదన్నది ఆ అధ్యాయం వాదన.

"అది నీ గురించి కాదు నాన్నా. నీలాంటి చాలామంది గురించి. నీ ఒక్కడి గురించి ఆ అంకె ఏమీ చెప్పదు" అన్నాను, పరీక్షలో జవాబు రాసినంత గర్వంగా.

నాన్న తలూపాడు. "మా పనీ అంతే. హీట్ పాసయిందా లేదా అంటారు. ఇరిగిన ముక్క సంగతి ఎవులడుగుతారు?"

సంతకం పెట్టలేదు. వానలు పడేలోపే పోయాడు.

ఒక్క ఘటనకైనా సంభావ్యత చెప్పవచ్చు, అది మనం ఎంత నమ్ముతున్నామో తెలిపే కొలత అనే మరో వాదం అదే పుస్తకంలో తరువాతి అధ్యాయంలో ఉంది. అప్పటికి నేను అక్కడిదాకా రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అమ్మ మాత్రం ఏ అధ్యాయమూ చదవకుండానే ఒకసారి అంది: "బాగయిపోద్ది నానా అని నువ్వు ఒక్క మాటంటే సంతకం ఎట్టేవోరు. డాట్రు మాట కాదు, నీ మాట కోసం సూసేరు."

ఆపరేషన్ జరిగుంటే బతికేవాడా? చేయని ప్రయోగానికి ఫలితం ఉండదని పిల్లలకు పాఠం చెబుతాను. ఇంటికొచ్చి ఆ ఫలితాన్నే ఊహించుకుంటాను. ప్రతిసారీ నాన్న బతుకుతాడు.