పాలకూర కోసం మగవాడైన మా అవ్వ

చదువు కొత్తగా పూర్తయిన ఆ రోజుల్లో మనిషికి లోకమంతా తప్పుగా అన్నం తింటున్నట్టు కనిపిస్తుంది. నిజామాబాద్‌లో పోషకాహారం కోర్సు ముగించి, ఉద్యోగం దొరకక, బోధన్ దగ్గరి మా ఊళ్ళో కూర్చున్నాను. రోగులు లేనిచోట ఇంట్లోవాళ్ళే రోగులు కదా! దెబ్బ తగిలితే నెత్తురు గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలనీ, అది ఆకుకూరల్లో ఉంటుందనీ అవ్వకు చెప్పాను. "ఏ, బీ, సీ, డీ, ఈ... ఇన్న. కె దాంక గా నడ్మలయి ఎటు వోయినయే? ఎవలు తిన్నరు?" అంది అవ్వ. (నన్ను కన్నతల్లే. కాలేజీలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ వేయలేదు.)

నేను తొణకలేదు. రోజుకు మగవాళ్ళకు నూట ఇరవై మైక్రోగ్రాములు, ఆడవాళ్ళకు తొంభై, మా అన్న కొడుకులాంటి రెండేళ్ళవాళ్ళకు ముప్పై. అంత చిన్న తూకం మా ఇంట్లో లేదు కాబట్టి లెక్కను గరిటెల్లోకి దించాను. నాన్నకు, అదే మా బాపుకు నాలుగు, అవ్వకు మూడు, చిన్నోడికి ఒకటి. (ఒక్క గరిటె పాలకూరే మగవాడికి రోజంతటికీ ఎక్కువని పరీక్షలో రాసింది కూడా నేనే.)

చిక్కేమిటంటే, బాపుకు పాలకూర అంటే చెరుకుతోటలో పామును చూసినట్టు. అవ్వకేమో ప్రాణం.

"తెంపింది నేను, వండింది నేను. నాకు మూడు, గాయినకు నాలుగా?"

"ఆడోళ్ళకు గంతే అవ్వా. పుస్తకంల ఉన్నది."

"గట్లనా? అయితే గియ్యాల్టి సంది నేను మొగోన్ని!" అంటూ అవ్వ బాపు రుమాలు తలకు చుట్టుకుని, బాపు పీట మీద కూర్చుని, నాలుగు గరిటెలూ తన కంచంలో వంచుకుంది.

బాపు ముఖం వెలిగిపోయింది. "మంచిగైంది. నేను ఆడోళ్ళల్ల కలుస్త. నాకు మూడు గూడ వద్దు బిడ్డా."

"ఆడిదానివైతే బాసండ్లు తోము," అంది అవ్వ తాపీగా నములుతూ.

బాపు నవ్వాడు. అవ్వ నవ్వలేదు. బాపు గిన్నెలు తోమాడు. మర్నాడు పొద్దున్నే వాకిలి కూడా ఊడవాల్సి వచ్చింది. చెరుకు కొట్టడానికి పోతున్న పక్కింటాయన బండి ఆపి, "ఏం కాకా, సిన్నమ్మ ఊర్ల లేదా?" అన్నాడు.

"ఉన్న! మొగోన్నైన!" అని లోపల మంచం మీంచి కేక వినిపించింది.

బాపు చీపురు అక్కడే పడేసి వచ్చి నా ముందు కూర్చున్నాడు. "బిడ్డా, గా నాలుగు గరిటెలు నాకే ఎయ్యి," అని కళ్ళు గట్టిగా మూసుకుని తినేశాడు. అవ్వ లేచొచ్చి రుమాలు తీసి ఆయన భుజం మీద వేసింది, మిగిలిన పాలకూర మూకుడు తన వైపు లాక్కుంది.

ఇప్పుడు నిజామాబాద్‌లో ఓ క్లినిక్‌లో కూర్చుంటున్నాను. "ఏ వయసువాళ్ళైనా రోజూ కాస్త ఆకుకూర తినండి," అని మాత్రమే చెబుతాను. అందరూ బుద్ధిగా తలూపి వెళ్ళిపోతారు, ఒక్కరూ పోట్లాడరు. అలాంటి సాయంత్రాల్లో, కన్నవాళ్ళ కంచాల్లోంచే లోకాన్ని బాగుచేద్దామనుకున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, ఎందుకో ముద్దొస్తుంది.