మూర్ మార్కెట్టు శివుడు, మావాడి గుహల పుస్తకం

మా పెద్దవాడు నాతో మళ్ళీ మనసు విప్పి మాట్లాడుతున్నాడు. ఈ ఒక్క ముక్క పదిమందికీ చెప్పుకోవాలనే ఈ కాగితాలు కొన్నాను. మిగతాదంతా, అంటే ఏ బండి ఎక్కింది, ఎంతయింది, ఏ దారిన నడిచింది, పాత పుస్తకాల కోసం మద్రాసు పోవాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను చదివింది అయిదో తరగతి. నలభై ఏళ్ళు బావులు తవ్వించిన మేస్త్రీని. తప్పులుంటే మన్నించండి, సంతోషంలో కలం ఆగడం లేదు.

మాది తాడిపత్రి దగ్గర పల్లె. మావైపు నేల కింద సున్నపురాతిలో గుహలున్నాయి. వాటిని మేము బిలాలంటాము. మా పెద్దవాడు రామాంజులు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. సెలవు దినాల్లో ఆ బిలాల్లోకి దిగి, లోపలి దారులు కొలుచుకుని వచ్చి పటం గీసేవాడు. రెండేళ్ళ కిందట ఒకసారి లోపల లాంతరు ఆరిపోయి, అగ్గిపెట్టె తడిసిపోయి, దారి తెలియక ఒక పగలూ రాత్రీ చీకట్లోనే కూర్చుండిపోయాడు. ఊరు ఊరంతా కదిలి వెతికి తెచ్చింది. బయటికి వచ్చినవాడి మొహం చూసి నేను ఇంకేమీ ఆలోచించలేదు. వాడి చెయ్యి నా తలమీద పెట్టించుకుని, ఇంకెప్పుడూ దిగనని ఒట్టు వేయించుకున్నాను. వాడు మాట తప్పే మనిషి కాదు. సగం గీసిన పటాన్ని చుట్టచుట్టి అటక మీద పడేశాడు. ఆనాటి నుంచి మా ఇద్దరి మధ్యా మాటలు తిన్నావా, తిన్నాను అనే దగ్గరే ఆగిపోయాయి. ఒకే ఇంట్లో ఉంటూ కొడుకు గొంతు కోసం మొహం వాచిపోవడం ఎట్లా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు.

అట్లాంటి రోజుల్లో, వాడి స్కూల్లో పనిచేసే సైన్సు మాస్టరు ఒకాయన మా అరుగు మీద కూర్చుని మాటల్లో చెప్పాడు. దొరల దేశాల్లో గుహల్లోకి దిగేవాళ్ళకు పద్ధతులున్నాయట, వాటి మీద లావుపాటి పుస్తకాలున్నాయట. ఇక్కడి దొరలు ఇళ్ళు ఖాళీ చేసి పోతూ అమ్ముకున్న పుస్తకాలన్నీ మద్రాసు మూర్ మార్కెట్టుకే చేరతాయట. ఆ మాట నా చెవిలో పడింది మొదలు నాకు నిద్రలేదు. పద్ధతి ఉన్న పనికి భయపడేదేముంది? బావికీ పద్ధతి ఉంది కదా. నాలో నేనే ఒక నిర్ణయం చేసుకున్నాను. దిగినవాణ్ణి క్షేమంగా తిరిగి ఇంటికి చేర్చే పుస్తకమంటూ దొరికితే ఆ ఒట్టు వెనక్కి తీసుకుంటాను. దొరకకపోతే పటం అటకమీదే ఉంటుంది. ఇంట్లో మాత్రం మద్రాసులో ఉన్న మా తోడల్లుణ్ణి చూసి వస్తానని చెప్పాను.

సాయంత్రం తాడిపత్రిలో బొంబాయి వైపు నుంచి వచ్చే బండి ఎక్కితే, తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో మద్రాసు సెంట్రల్లో దిగవచ్చు. మూడో తరగతి టిక్కెట్టు ఏడు రూపాయల చిల్లర అయింది. మా ఇంటిది జొన్నరొట్టెలు, నంజుకోను చెనక్కాయలు నూరిన ఊరిబిండి కట్టి ఇచ్చింది కాబట్టి దారిలో కాఫీకి తప్ప ఖర్చు లేదు. మద్రాసు మన రాష్ట్రం కాకుండా పోయింది గదా, ఇంక ఆడ నీకేం పని పెద్దాయనా అని రైల్లో ఒక బియ్యం వ్యాపారి నన్ను ఆటపట్టించాడు. పుస్తకానికి పోతున్నానంటే నా మొహమూ నా చేతుల కాయలూ చూసి ఇంకా నవ్వాడు. నేనూ నవ్వాను.

స్టేషను బయట రిక్షా అతను మా తోడల్లుడుండే చింతాద్రిపేటకు ఎనిమిది అణాలు అడిగాడు. నడిచి పోగలనని చెప్పి, సంచి భుజాన వేసుకుని కూవం మీది వంతెన దాటాను. ఇరవై అయిదు నిమిషాల నడక అంతే. కొత్తవాళ్ళు రిక్షా ఎక్కకపోయినా నష్టం లేదు. మా తోడల్లుడు మునుసామి తాతముత్తాతలు ఎప్పుడో మగ్గాలతో వచ్చి ఆ పేటలో స్థిరపడ్డవాళ్ళు. ఇప్పుడు ఇంట్లో మగ్గం లేదు. మునుసామి ఒక బట్టల అంగట్లో లెక్కలు రాస్తాడు, మనవళ్ళు తెలుగులో అడిగితే అరవంలో జవాబు చెబుతారు. స్నానం చేసి, వేడి వేడి ఇడ్లీలు తిని, కాఫీ లోటా చేతిలోకి తీసుకుని నేను వచ్చిన పని చెప్పాను. మునుసామి కాఫీ తాగడం ఆపేశాడు.

"గుంతలో దిగేదానికి గూడా పుస్తకం రాసినారా అన్నా? నువ్వు ఎన్ని బావుల్లో దిగుంటావు, ఏ పుస్తకం చూసి దిగినావు?"

అని ఎగతాళి చేశాడు. కానీ మంచి మనిషి, అంగట్లో సెలవు చెప్పి నాతో వచ్చాడు.

తొమ్మిదిన్నరకల్లా మూర్ మార్కెట్టుకు చేరాము. సెంట్రల్ స్టేషను పక్కనే, ఎర్రటి ఇటుకల కట్టడం. లోపల అడుగుపెడితే ఇంక బయటికి రాబుద్ధి కాదు! ఒకవైపు పంజరాల్లో చిలకలు, ఒకవైపు గ్రామఫోను పెట్టెలు, ఇత్తడి సామాను, పింగాణీ బొమ్మలు. పుస్తకాల అంగళ్ళ వరుసలో అయితే గోడ కనబడదు, పుస్తకాలే గోడ. తోవంతా పాత కాగితం వాసన, నాకు కొత్తగా తవ్విన మట్టి వాసన ఎంత ఇష్టమో అదీ అంతే హాయిగా అనిపించింది. మొదటి అంగట్లో గుహల పుస్తకం అని అడిగితే అజంతా బొమ్మల పుస్తకం తీసిచ్చారు. ఎంత బాగుందో చెప్పలేను, కానీ అది చూసే గుహ, దిగే గుహ కాదు. రెండో అంగట్లో గుహలో దొంగల ధనం దొరికే ఇంగ్లీషు కథ ఇచ్చారు. మూడో చోట బొగ్గు గనుల పుస్తకం. నాలుగో అతను ఈ పెద్దాయన తపస్సుకు పోతాడేమోనని మునుసామిని అరవంలో అడిగాడట, మునుసామి నాకు తర్వాత చెప్పి నవ్వాడు. ఒకటి మాత్రం చెప్పాలి, కొనకపోయినా ఎవ్వరూ విసుక్కోలేదు. మెట్లెక్కి పైనుంచి కట్టలు దింపి మరీ చూపించారు.

మధ్యాహ్నం దాటింది. దగ్గర్లోని హోటల్లో పన్నెండు అణాలకు ఇద్దరమూ చెరొక భోజనం చేశాము. సాంబారు ఎంతడిగితే అంత పోశారు. తిన్నా రుచి తెలియలేదు నాకు. సాయంత్రం బండికి తిరిగి పోవాలి, చేతిలో ఏమీ లేదు, అటక మీది పటమే కళ్ళ ముందు కనబడుతోంది. ఇంటికి పోదాం పద అన్నా అని మునుసామి రెండుసార్లు అన్నాడు. ఇంకొక్క వరుస చూసి పోదామన్నాను.

ఆ వరుస చివర శతకాలు, దండకాలు, పాత పంచాంగాలు అమ్మే అంగడి ఉంది. దాని యజమాని కన్నయ్య నా ఈడువాడే, నుదుటి నిండా విభూతి. గుహల పుస్తకాలు ఆ అంగట్లో ఎందుకుంటాయి? నేను దండం పెట్టుకుని పోదామని ఆగాను. ఎందుకంటే అంగడి మధ్యలో పీట మీద ఒక లావుపాటి పుస్తకం తెరిచి నిలబెట్టి ఉంది. దానికి మల్లెపూవు పెట్టారు. ఆ పేజీలో చీకట్లో నిలబడిన తెల్లటి లింగం ఫోటో, పైన పేజీ అంచుకు కుంకుమ బొట్టు. దగ్గరికి పోయి చూస్తే నా కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. ఆ లింగం గుడిలోది కాదు. పైకప్పు నుంచి నీళ్ళు బొట్టు బొట్టుగా పడి పడి, ఎన్నో ఏళ్ళకు నేలనుంచి రాయి అట్లా లేస్తుంది. మా బిలంలో నేను చూశాను, మా ఊరివాళ్ళు దానికీ బొట్టు పెడతారు. పుస్తకమేమో ఇంగ్లీషు. మూటలో వచ్చిన పుస్తకాన్ని కన్నయ్య తెరిచి, శివుణ్ణి చూసి, శివుడి అంగట్లో పెట్టాడు. ఆయన చోట నేనున్నా అదే పని చేసేవాణ్ణి.

అది అమ్మేది కాదు సామీ, రెండేండ్లుగా పూజలో ఉండాది అన్నాడు కన్నయ్య. ఒక్కసారి చూస్తానంటే, చెంబుతో నీళ్ళు ఇచ్చి చేతులు కడుక్కోమన్నాడు. కడుక్కుని పేజీలు తిప్పాను. ఒక్క అక్షరం రాదు నాకు. కానీ ఫోటోలకు చదువెందుకు? ఒక దొర టోపీకి దీపం, చేతిలో దీపం, నడుముకు కొవ్వొత్తుల కట్ట. మూడు వెలుగులు! మావాడు పోయింది ఒక్క లాంతరుతో. ఇంకో పేజీలో గుహ నోటి దగ్గర ఒక ముసలాయన రెండు కాళ్ళూ రాతికి తన్నిపెట్టి, నడుము చుట్టూ తాడు తిప్పుకుని కూర్చున్నాడు. కిందికి దిగినవాడి ప్రాణం ఆయన చేతిలో ఉంది. నలభై ఏళ్ళు బావి గట్టు మీద నేను కూర్చున్నది సరిగ్గా అట్లాగే. పైన మనిషి లేకుండా బావిలోకి ఒక్కణ్ణి కూడా దింపలేదు నేను. నా కొడుకు చేతికి మట్టి అంటకూడదని బడికి పంపాను గానీ, ఈ ఒక్క మాట వాడికి నేర్పలేదు. తప్పు బిలానిది కాదు, వాడిదీ కాదు, నాదే. కళ్ళనీళ్ళు పేజీ మీద పడతాయేమోనని మొహం పక్కకు తిప్పుకున్నాను.

కన్నయ్యకు అంతా చెప్పాను. ఆయన పుస్తకాన్ని నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ పీట మీద నిలబెట్టాడు.

"నీ కష్టం తెలుస్తా ఉంది సామీ. అయినా దేవుణ్ణి అమ్మితే నాకు అన్నం పుడుతుందా?"

"దేవుణ్ణి నువ్వే ఉంచుకో కన్నయ్యా. దొరల కాగితాలు మాత్రం నాకియ్యి."

ఆ వరుసలో చినిగిన పుస్తకాల నుంచి మంచి బొమ్మలు కోసి అద్దం కట్టించి అమ్మడం మామూలే. కన్నయ్య పక్క అంగడి ఫ్రేముల అతన్ని పిలిచాడు. ముందు కర్పూరం వెలిగించి, స్వామిని అడిగి, తర్వాత కొత్త బ్లేడుతో ఆ ఒక్క పేజీ కుట్టు దగ్గర సన్నగా కోశారు. దాని వెనక ఖాళీ కాగితమే, నా అదృష్టం, ఒక్క అక్షరం పోలేదు. మిగతా పుస్తకానికి కన్నయ్య మూడు రూపాయలు చాలన్నాడు. ఫ్రేముకు ఒక రూపాయి నేనే ఇచ్చాను. ఆమా అని అరవంలో తలూపి, ఇంక ఇది మన ఇద్దరి సామి అన్నాడాయన. మునుసామి ఆ సాయంత్రం సెంట్రల్లో నన్ను బండెక్కించే దాకా పుస్తకాన్ని తానే మోశాడు, నా చేతికి ఇవ్వలేదు.

ఇంటికి వచ్చి పుస్తకం రామాంజులు ముందు పెట్టాను. వాడు నా వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు, నిలబడే పేజీలు తిప్పాడు. నాయినా, ఈడ ఒక పేజీ కోసేసినారే అన్నాడు కంగారుగా. నేను శివుడి సంగతి చెప్పాను. రెండేళ్ళ తర్వాత వాడు నవ్వాడండీ! గోడకు ఆనుకుని, కూర్చుండిపోయి నవ్వాడు. ఆ మధ్యాహ్నమంతా ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతూనే ఉన్నాడు. నేను వింటూనే ఉన్నాను. ఒకచోట ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఒక మనిషి బయటే ఉండాలంట నాయినా. ఏం జరిగినా లోపలికి రాకూడదు, ఎంతసేపైనా కదలకూడదు. అట్లా కూర్చునేదానికి ఎవరొస్తారు?"

"నలభై ఏండ్లు నేను చేసిన పనేందిరా?"

వాడు లేచి పోయి అటక మీది పటం దించాడు. ఒట్టు వెనక్కి తీసుకున్నానని నేను నోటితో చెప్పనే లేదు.

పోయిన ఆదివారం ఉదయం వాడూ, సైన్సు మాస్టరూ తలా మూడు దీపాలతో దిగారు. నేను బిలం నోటి దగ్గర రాతికి కాళ్ళు తన్నిపెట్టి, నడుముకు మోకు చుట్టుకుని కూర్చున్నాను. ఒకసారి లాగితే ఆగు, రెండుసార్లు లాగితే పైకి చేదు, మూడుసార్లు లాగితే బాగున్నాను. ఇవి బావి పనివాళ్ళ గుర్తులు, వాటినే వాళ్ళకు నేర్పాను. నాలుగు గంటలు కూర్చున్నాను. మధ్యలో ఎన్నిసార్లు మూడు లాగులు వచ్చాయో లెక్కపెట్టలేదు, వచ్చిన ప్రతిసారీ నా నడుము దగ్గర వాడు చిన్నప్పుడు పట్టుకుని నడిచినట్టే ఉండింది. పిల్లల్ని ఆపడం ఒక్కటే ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్ళూ. తాడు పట్టుకుని కూర్చోవడం కూడా ప్రేమేనని అరవై మూడేళ్ళకు తెలిసింది. ఇంతకన్నా నాకేం కావాలి చెప్పండి.

మూర్ మార్కెట్టుకు పోయేవాళ్ళకు ఒక్క మాట. పదింటికి ముందే పోండి, పుస్తకం పేరు అడగకండి, అందులో బొమ్మ ఎట్లా ఉంటుందో చెప్పి అడగండి, మీ పుస్తకం ఉండదనుకున్న అంగడి కూడా వదలకుండా చూడండి. ఆ చివరి వరుసకు పోతే కన్నయ్య అంగట్లో అద్దం వెనక మా శివుడున్నాడు. దారిలో ఒక మూర మల్లెపూలు కొనుక్కుని పోండి.